గళ్ల మధ్య పోరంబోకు

తెలుగునాట గజం స్థలం ఖాళీగా కనిపిస్తే తెల్లారేసరికి చుట్టూ కడీలు లేస్తాయి. అలాంటి చోట, కామిక్ పుస్తకంలో గడికీ గడికీ మధ్య ఉన్న తెల్లటి సందు ఎవరి పేరున ఉందో ఇన్నేళ్లుగా ఎవరూ అడగకపోవడం నన్ను కలచివేసింది. విచారించాను. అది బొమ్మ వేసినవారిదీ కాదు, మాట రాసినవారిదీ కాదు. అచ్చమైన పోరంబోకు. పాఠకులు దాన్ని దర్జాగా ఆక్రమించుకుని కూర్చున్నారు.

మా ఆరేళ్ల మనవరాలి పుస్తకమే సాక్ష్యం. మొదటి గడిలో ఒక కుర్రవాడు జామచెట్టు కొమ్మ మీద ఉన్నాడు, కింద కర్రతో తోటమాలి. రెండో గడిలో అదే కుర్రవాడు మోకాలికి కట్టుతో ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. నోటి దగ్గర బుడగలో "బడిలో పడ్డానమ్మా" అని ఉంది. పిల్ల పకపకా నవ్వింది. బొమ్మలో కట్టు ఉంది, మాటలో బడి ఉంది. అబద్ధం మాత్రం ఆ పేజీలో ఎక్కడా అచ్చుకాలేదు. దాన్ని ఈ పిల్లే కట్టుకుంది, ఏ అనుమతీ లేకుండా.

అమెరికా కార్టూనిస్టు స్కాట్ మెక్‌లౌడ్ కామిక్స్ మీద 1993లో వేసిన పుస్తకంలో ఈ సంగతికి ఒక అధ్యాయమే ఇచ్చాడు, అదీ కామిక్ రూపంలో. ఒక గడిలో ఒకడు గొడ్డలి ఎత్తాడు, తర్వాతి గడిలో ఊరి మీద ఒక కేక వినిపించింది. ఆ వేటు వేసింది పాఠకుడే అంటాడాయన. ఇంత స్పష్టంగా వాంగ్మూలం ఉన్నా ఏ దేశంలోనూ పోలీసులు కదలలేదు.

అక్షరాలు రాని పిల్లలు మరీ ప్రమాదకరం. బుడగ మబ్బులా ఉండి దానికింద చిన్న చిన్న సున్నాలుంటే మనసులో అనుకుంటున్నాడట. అంచు ముళ్లుముళ్లుగా ఉంటే అరుస్తున్నాడట. ఏ గైడులో ఉందిది? ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడం అలవాటు చేసుకోవలసిన వయసులో వీళ్లు ఐదో జవాబు సొంతంగా తయారు చేసుకుంటున్నారు. రేపు ఈఏపీసెట్‌లో, అదే మన పాత ఎంసెట్‌లో, వీరి గతేమిటి?

నిజానికి ఈ పాపం మన పెద్దలదే. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణాన్ని గళ్లుగళ్లుగా గీసి, పక్కన తెలుగులో నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు. చేర్యాల పటంలో ఆ నాలుగు ముక్కలూ లేవు. మూరల పొడవునా ఎర్రరంగు పూసిన గుడ్డ మీద బొమ్మలే. మాటంతా కథ చెప్పేవాడి నోట్లో ఉండేది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన ప్రతిసారీ ఊరు ఊరంతా ఆక్రమణకు దిగేది. చందమామ అయితే ఏకంగా పట్టాలే పంచింది. రెండు ఫోటోలు అచ్చువేసి, ఒకదానితో ఒకటి జతకుదిరేలా వ్యాఖ్యలు రాసి పంపితే బహుమతి ఇస్తామంది!

పరిశోధన కోసం ఒక బాపు కార్టూను ముందేసుకున్నాను. కింది మాటను చేత్తో మూస్తే ఒక మొగుడూ ఒక పెళ్లామూ కనబడ్డారు. బొమ్మను మూస్తే మామూలు ఇంటి కబురు. చెయ్యి తీశాక పెద్దగా నవ్వాను. ఇది బయటికి పొక్కకూడదు, ఆక్రమణదారుల జాబితాలో నా పేరు చేరడం బాగుండదు.

చివరికి నా వంతు బాధ్యతగా పెన్సిలు తీసి, ఆ జామచెట్టు సందులో హద్దురాయి పాతాను: "ఇచ్చట కుర్రవాడు తోటమాలికి భయపడి కింద పడెను. పిమ్మట తల్లితో అబద్ధమాడెను."

మనవరాలు కూడబలుక్కుని చదివింది. వెళ్లి రబ్బరు తెచ్చుకుంది.

"పడలేదు తాతయ్యా, దూకాడు. జేబులో కాయ ఉంది చూడు."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. రెండో గడిలో వాడి జేబు ఉబ్బెత్తుగానే ఉంది.