ఫార్మాట్ చేయించే ముందు ఇవి చూడండి

విండోస్ అప్‌డేట్ పడ్డాక లాప్‌టాప్ మొరాయిస్తే వెంటనే ఫార్మాట్ (అంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం) చేయించమని మీ వ్యాసంలో రాశారు. అది చివరి పని కావాలండీ, మొదటిది కాదు.

మాది కావలి. ఒంగోలులో ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి లాప్‌టాప్ మొన్న మే నెలలో ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత బాగా నెమ్మదించింది. ప్రాజెక్టు పని మధ్యలో నీలం తెర వచ్చి ఆగిపోయేది. పిల్లకు ఒకటే టెన్షన్. మా ఎండల సంగతి తెలిసిందే కాబట్టి వేడి వల్లేమో అని కూలింగ్ ప్యాడ్ పెట్టాం, తేడా లేదు. షాపులో ఫార్మాట్ ఒక్కటే దారి అన్నారు. రెండేళ్ల నోట్స్ అందులోనే ఉన్నాయి!

ముందు అవన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాం. విండోస్ సెర్చ్‌లో 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే ఏ రోజు ఏది క్రాష్ అయిందో తేదీలవారీగా కనిపిస్తుంది. మాకు అన్నీ అప్‌డేట్ తర్వాతి రోజులే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ని (తెర మీది బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్‌ని) 'రోల్ బ్యాక్' చేశాం, అంటే పాత వెర్షన్‌కు మార్చాం, నీలం తెర మళ్లీ రాలేదు.

నెమ్మది మాత్రం పోలేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే. లోపలున్నది పాత హార్డ్ డిస్క్, సీ డ్రైవ్ కూడా దాదాపు నిండిపోయింది. అనవసరమైనవి తీసేసి, హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాక ఇప్పుడు నిమిషంలోపే ఆన్ అవుతోంది.

ఒక విషయం మీ వ్యాసంలో తప్పకుండా చేర్చండి. పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయితే సెట్టింగ్స్‌లో రికవరీ కింద పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడానికి 'గో బ్యాక్' ఉంటుంది. దానికి మామూలుగా 10 రోజులే గడువు.