చేత్తో టైపు చేసిన డైమెన్షన్ గారికి

మహారాజశ్రీ డైమెన్షన్ గారి దివ్యసముఖమునకు,

ఇళ్ల ప్లాన్లు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మన్ నమస్కరించి చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, కుశలమంతా మీ వైపే ఉంది. ఇంటి ప్లానులో హాలు మధ్యలో "12 అడుగులు" అనే కొలతై ఠీవిగా కూర్చున్నారు. ఎండలో నిలబడింది మేస్త్రీ.

నిన్న సైటులో దారాలు కట్టి ముగ్గు పోయబోయారు. తొమ్మిదంగుళాల గోడ, 10 అడుగుల పడకగది, నాలుగున్నర అంగుళాల గోడ, తమరి 12 అడుగుల హాలు, మళ్లీ తొమ్మిదంగుళాల గోడ. కలిపితే 23 అడుగుల పదిన్నర అంగుళాలు. అదే షీటులో బయట వేసిన మొత్తం కొలత 23 అడుగుల ఆరంగుళాలు. "సార్, దేన్ని నమ్మమంటారు?" అని నాకు ఫోను. అక్కడ యజమాని, పురోహితులు, దాటిపోతున్న ముహూర్తం.

ఆటోక్యాడ్‌లో ఫైలు తెరిచి హాలు గీతను కొలిస్తే 11 అడుగుల ఏడున్నర అంగుళాలు! ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ అనే గడి ఉంటుంది, కంప్యూటరు కొలిచిన అంకె బదులు మనం టైపు చేసిందే చూపించేది. ఖాళీగా ఉండాల్సిన ఆ గడిలో తమరు దర్శనమిచ్చారు. ప్లాను మరో ఆఫీసు నుంచి నా దగ్గరికి వచ్చింది. మిమ్మల్ని అక్కడ ప్రతిష్ఠించిన మహానుభావుడు సాయంత్రం దాకా ఫోనెత్తలేదు.

మీ జన్మవృత్తాంతం మాకు తెలియనిది కాదు. హాలు 12 అడుగులు ఉండాలని యజమాని పట్టుబడతారు. గోడ జరిపితే కిటికీ జరగాలి, పిల్లరు జరగాలి, ఎలివేషన్ మారాలి, విస్తీర్ణం పట్టిక మారాలి, ఇంటి పక్కన వదలాల్సిన ఖాళీ తగ్గుతుంది. అంకె మార్చడానికి డబుల్ క్లిక్ చాలు. గీత కదిలితే తనంతట తానే మారే బుద్ధి అసలు డైమెన్షన్‌కు ఉంది. మీకు ఆ బాధ లేదు. కింద గోడ ఎటు పోయినా మీ మాట మీదే.

ట్రేసింగ్ కాగితం మీద రోట్రింగ్ పెన్నుతో గీసిన మా పెద్దలు అంకె మార్చాలంటే ఇంకును బ్లేడుతో గీకాల్సి వచ్చేది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే గీకిన చోటు తెలిసిపోయేది. అబద్ధానికి కనీసం మచ్చ ఉండేది. ప్రింటులో తమరు మాత్రం పక్కనున్న నిజాయితీపరుల్లాగే, అదే ఫాంటులో, అదే బాణపు గుర్తుల మధ్య మెరిసిపోతుంటారు.

మిగతా బాధలు భరిస్తాం. గోడలకూ తలుపులకూ వేర్వేరు పొరలు (లేయర్లు) పెట్టకుండా జీరో లేయరులోనే ఇల్లంతా కట్టేసిన వారినీ, డెఫ్‌పాయింట్స్ అనే ప్రింటుకు రాని లేయరులో మెట్లు గీసి ప్రింటులో అవి రాలేదేమని అడిగే వారినీ చూశాం. మిల్లీమీటర్లలో గీసిన 2100 సోఫా అంగుళాల డ్రాయింగులోకి వచ్చి 175 అడుగులై వీధి దాటి పోవడమూ చూశాం. ఆ సోఫాయే నయం, తప్పని ఎవరికైనా కనిపిస్తుంది.

మరి తమరో? షీటు మూలన మేమే ఒక నోటు రాస్తాం: "డ్రాయింగును స్కేలుతో కొలవరాదు, రాసిన కొలతలే పాటించాలి." కాగితం సాగుతుంది, జిరాక్సు కుదిస్తుంది కాబట్టి రాసిన అంకెదే చివరి మాట అని పెట్టుకున్న నియమం అది. అనుమానం వచ్చి స్కేలు పెట్టబోయిన మేస్త్రీ చేతిని ఆ నోటే ఆపుతుంది. మేము అంకెకు ఇచ్చిన ఆ గౌరవంలోనే నువ్వు దాక్కున్నావు. అవును, నువ్వే. ఇక మీరూ లేదు, గారూ లేదు. కొలవని కొలతవు నువ్వు. నిన్న మొత్తం కూడి చూసుకునే మేస్త్రీ ఉన్నాడు కాబట్టి ముగ్గు దగ్గరే దొరికిపోయావు. కూడనివాడైతే పునాది తవ్వేవాడు, పిల్లరు కింది ఫుటింగు పక్కవాడి హద్దు వైపు నాలుగున్నర అంగుళాలు జరిగేది, అప్పుడు ఏ డబుల్ క్లిక్కు దాన్ని వెనక్కి జరుపుతుంది?

గడిలోంచి నిన్ను చెరిపేశాను. ఎంటర్ కొట్టగానే 11 అడుగుల ఏడున్నర అంగుళాలు వచ్చి కూర్చుంది. హాలు ఎందుకు తగ్గిందని యజమాని సోమవారం ఆఫీసుకు వస్తున్నారు. పాత ప్రింటు నీతో సహా బల్ల మీద పరిచి ఉంచుతాను, సమాధానం నువ్వే చెప్పుకో.

ఇట్లు,
నీ బదులు ఫోనులో తిట్లు తిన్న
డ్రాఫ్ట్స్‌మన్