డౌన్‌టౌన్‌కి జనం అడ్డు

మహానగరాల డౌన్‌టౌన్లను, అంటే ఊరి నడిబొడ్లను, పోల్చి మార్కులు వేసే పనిని ఇన్నాళ్లూ ట్రావెల్ వ్లాగర్లకి వదిలేయడం వల్ల చాలా అనర్థం జరిగింది. ఎక్కడ కాఫీ బాగుంది, ఎక్కడ రాత్రి పదకొండైనా సందడి తగ్గలేదు, ఎక్కడ ఊరికే కూర్చుంటే ఎవరూ లెమ్మనలేదు లాంటి చిల్లర విషయాల దగ్గరే వాళ్లు ఆగిపోతారు. డౌన్‌టౌన్ ఉన్నది ఫ్లైఓవర్ మీద పోతున్న కారులోంచి చూడడానికి, వీలైతే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవడానికి. ఆ ఫొటోలో మేడలకి మనుషులు ఎంత తక్కువ అడ్డొస్తే అంత మంచి డౌన్‌టౌన్. ఈ కొలతతో ఏ నగరం ఎక్కడ నిలబడుతుందో నిష్పక్షపాతంగా తేల్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు డాలస్. అక్కడ మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు గానీ, ఎక్కువమంది ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో లాంటి శివార్ల వైపు ఇళ్లు కొనుక్కుని డౌన్‌టౌన్‌ని దూరం నుంచే గౌరవిస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్లడం ఆనవాయితీ. నెత్తిన బంతి పెట్టుకుని నిలబడ్డ రీయూనియన్ టవర్ చూపిస్తారు, అద్దాల మేడలు చూపిస్తారు. నాన్న అంతస్తులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అమ్మ మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఓసారి చూసి, "ఏరా, ఇవాళ బందా?" అంటుంది. బంద్ కాదమ్మా, సెలవు. ఇంత పెద్ద ఊరి నడిబొడ్డున మిరపకాయ బజ్జీల బండి మాట దేవుడెరుగు, ఆ బండి దగ్గర ఆగడానికి మనిషే లేకపోవడం ఆవిడకి అరిష్టంగా తోస్తుంది. మన లెక్కలో అది పదికి పది.

జనం కనిపించే చోటు ఒకటుంది. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీని కాల్చిన ఎల్మ్ స్ట్రీట్‌లో తారు మీద తెల్లటి ఇంటూ గుర్తు ఉంటుంది. కార్లు కాస్త తెరిపి ఇవ్వగానే పర్యాటకులు పరుగున వెళ్లి దాని మీద నిలబడి, నవ్వుతూ ఫొటో దిగి, అంతే పరుగున మళ్లీ ఒడ్డెక్కుతారు. ఆ డౌన్‌టౌన్‌లో మనిషి కాలు రోడ్డు మీద పడాలంటే అరవై ఏళ్ల కిందట అక్కడ ఒక దేశాధ్యక్షుడు బలై ఉండాలన్నమాట.

అక్కడే మెయిన్ స్ట్రీట్‌లో 30 అడుగుల ఎత్తు కనుగుడ్డు బొమ్మ ఒకటి పెట్టారు, ఎర్ర నరాలతో సహా. దీని వెనక లోతైన ఆలోచన ఉందని నా నమ్మకం. నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే చెప్పింది: కొట్టు ముందు కూర్చున్నవాళ్లు, కిటికీలోంచి తొంగిచూసేవాళ్లు, అటూ ఇటూ నడిచేవాళ్లు, ఇన్ని కళ్లు కనిపెట్టుకుని ఉంటేనే వీధి క్షేమంగా ఉంటుందని. అన్ని కళ్లు ఎక్కడినుంచి తెస్తాం? కళ్లు కావాలంటే కొట్లు కావాలి, కొట్లు కావాలంటే అద్దెలు తగ్గాలి. డాలస్ అన్నిటికీ కలిపి ఒకటే పెద్ద కన్ను పెట్టేసి చేతులు దులుపుకుంది.

అలాంటి డాలస్ కూడా 2012లో దారి తప్పింది. డౌన్‌టౌన్‌ని ఆనుకుని పోయే ఫ్రీవేకి పైకప్పు వేసి, దాని మీద మట్టి పోసి, ఐదెకరాల పైచిలుకు పార్కు కట్టింది. క్లైడ్ వారెన్ పార్క్ అంటారు. కుర్చీలు, పచ్చిక, ఫుడ్ ట్రక్కులు, పిల్లలు ఆడుకునే చోటు. ఇప్పుడు సెలవు రోజుల్లో జనం అక్కడికి వెళ్తున్నారు. కార్లు కింద, మనుషులు పైన! ఈ తలకిందుల వ్యవహారానికి రెండు మార్కులు కోత.

సరైన పద్ధతి హ్యూస్టన్‌ది. అక్కడ మనుషుల్నే కిందికి పంపారు. వీధికి సుమారు 20 అడుగుల లోతున, ఆఫీసు నుంచి ఆఫీసుకి ఆరు మైళ్లకి పైగా సొరంగాలు. భోజనం అక్కడే, కాఫీ అక్కడే, ఏసీ చల్లగా. పైన వీధిలో ఎండా, కార్లూ మాత్రమే మిగులుతాయి. (టెక్సస్ ఎండ తెలిసినవాళ్లు దీన్ని చూసి నవ్వరు. మే నెలలో బెజవాడలో ఎవరైనా ఇలాంటిది తవ్విస్తే ముందు దిగేవాణ్ణి నేనే.) కానీ ఆ సొరంగాల అసలు గొప్పతనం సాయంత్రానికి గానీ తెలీదు. ఆఫీసులు కట్టేయగానే అవీ కట్టేస్తారు. శని, ఆదివారాల్లో దాదాపు అంతా మూతే. ఉద్యోగం లేని మనిషికి డౌన్‌టౌన్‌లో ఏం పనన్న ప్రశ్నకి ఇంత సూటిగా జవాబు చెప్పిన ఊరు ఇంకోటి లేదు. మినియాపొలిస్‌లో చలి కాబట్టి ఇదే పని పైనుంచి చేశారు. రెండో అంతస్తులో మేడకీ మేడకీ మధ్య అద్దాల వంతెనలు వేసి జనాన్ని అక్కడికి ఎక్కించారు. ఏదైనా నేల మాత్రం ఖాళీ. మనకి కావలసింది అదే.

షికాగో పరిస్థితి ఆందోళనకరం. 442 మీటర్ల విల్లిస్ టవర్ ఉంది. 103వ అంతస్తులో బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబడి, కాళ్ల కింద కనిపిస్తున్న వీధిని చూడకుండా కళ్లు గట్టిగా మూసుకుని ఫొటో దిగే మన బాబాయిలున్నారు. అంతవరకు భేషు. కానీ కింద 1897 నుంచీ ఇనప స్తంభాల మీద రైళ్లు కీచుమంటూ నడిబొడ్డు చుట్టూ తిరుగుతూ, పనున్నవాణ్ణీ లేనివాణ్ణీ తెచ్చి దించుతూనే ఉన్నాయి. 2000 నాటికి పూర్తి చేస్తామన్న మిలీనియం పార్కుని 2004లో తెరిచారు. మన ఫ్లైఓవర్ల పక్కన తలెత్తుకు నిలబడగల ఘనత షికాగోకి ఇదొక్కటే. ఆ పార్కులో అనీష్ కపూర్ చేసిన నున్నటి ఉక్కు బొమ్మ ఉంది, చిక్కుడు గింజ ఆకారంలో. అంతంత మేడలు చుట్టూ పెట్టుకుని, జనం ఈ గింజలో తమ మొహం వంకరగా ఎలా ఉందో, పక్కవాడి పొట్ట ఎంత సాగిందో చూసుకోవడానికి ఎగబడతారు. ఆర్కిటెక్టులు ఎంత బాధపడతారో!

ఈ రోగానికి మూలం న్యూయార్క్‌లో దొరికింది. 1970ల్లో విలియం వైట్ అనే పెద్దమనిషి అక్కడి మేడల ముందున్న ఖాళీ స్థలాల మీద కెమెరాలు పెట్టి గమనించాడు, కొన్ని చోట్ల జనం ఎందుకు చేరతారు, కొన్ని చోట్ల ఈగలు కూడా ఎందుకు వాలవు అని. తేలిందేమిటంటే, కూర్చునే చోటుంటే కూర్చుంటారు, తిండి దొరికితే ఆగుతారు, అన్నిటికంటే ముఖ్యంగా జనం ఉన్నచోటికే జనం వస్తారు. ఇంత మాత్రానికి కెమెరాలు దేనికి? కోఠి బస్టాపులో పది నిమిషాలు నిలబడితే తెలిసిపోయేది. న్యూయార్క్ మాత్రం ఈ మాట పట్టుకుని 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే మీద కార్లు ఆపేసి, బీచ్‌లో వేసుకునే మడత కుర్చీలు తెచ్చి నడిరోడ్డు మీద వేసింది. వేసిన కుర్చీ వేసినట్టు నిండిపోయింది. ప్రపంచానికి అప్పులిచ్చే నగరం నడిరోడ్డు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. సున్నా.

సింగపూర్ మీద మనకి మొదటినుంచీ గురి ఎక్కువ. అమరావతి మాస్టర్ ప్లాన్ కూడా అక్కడివాళ్లే గీసిచ్చారు. మన నాయకులూ అధికారులూ వెళ్లొచ్చినప్పుడల్లా మెరీనా బే మేడల ముందు ఫొటో దిగుతారు. ఆ మేడలకి నడిచిపోయేంత దూరంలోనే, బ్యాంకుల ఆకాశహర్మ్యాల నట్టనడుమ, లావ్ పా సాత్ అనే పాత ఇనప మార్కెట్ ఉంది. పగలు ప్లేటు పట్టుకుని బ్యాంకు మేనేజరూ మేస్త్రీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. సాయంత్రమైతే పక్కనున్న బూన్ టాట్ స్ట్రీట్‌లో వాహనాలు ఆపేసి, రోడ్డు మీదే బల్లలు పరిచి, బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుస్తారు. ఆ పొగ అద్దాల మేడల్ని పట్టుకుని పైకి పాకుతుంది. ఇది మన ఫొటోల్లో ఎప్పుడైనా కనిపించిందా? కనిపించదు. పొగ వచ్చేలోపు మనవాళ్లు బస్సెక్కేస్తారు. వీధి వ్యాపారుల్ని తరిమేయకుండా నీళ్లూ, డ్రైనేజీ ఉన్న కప్పు కిందికి చేర్చిన ఆ దేశపు తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. దిగుమతి చేసుకోదగ్గవి మేడలు మాత్రమేనన్న మన పట్టుదల ముందు యునెస్కో ఎంత!

ఇక ఇంటి విషయం, అంటే హైదరాబాద్. పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తామని ఆ మధ్య గట్టిగా వినపడింది. ఇస్తాంబుల్‌కి జనం దేనికి వెళ్తారయ్యా అంటే, గ్రాండ్ బజార్ ఇరుకు సందుల్లో పడి తిరుగుతూ, టీ తాగుతూ, దీపాలకీ తివాచీలకీ బేరాలాడడానికి. అంటే కోట్లు ఖర్చుపెట్టి లాడ్ బజార్‌ని లాడ్ బజార్‌లా తయారుచేయాలన్నమాట. ఆ పథకం ముందుకు సాగకపోవడంలో ఆశ్చర్యమేముంది? పని అప్పటికే అయిపోయి ఉంది.

ఆబిడ్స్, కోఠి మన కొలతకి ఏ రకంగానూ లొంగవు. అసలు పుట్టుకే సరిగ్గా లేదు. ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన అబిద్ అనే అర్మేనియన్ పెట్టుకున్న కొట్టు పేరే ఊరి నడిబొడ్డుకి ఖాయమైపోయింది. గౌరవంగా ఏ డిస్ట్రిక్టనో, ఏ నియోపోలిస్ అనో తగిలించి ఉండాల్సింది. ఇవాళ్టికీ అక్కడి పద్ధతి మారలేదు. ఆదివారం షాపులకి సెలవు కాబట్టి ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఒకే జాగాలో ఆరు రోజులు బట్టలు, ఏడో రోజు పుస్తకాలు! అమ్మేవాడు ధర చెప్పేముందు పుస్తకం వైపు చూడడు, మీ మొహం వైపు చూస్తాడు. మీరు అట్ట తిప్పుతున్న తీరులోనే ఆశ కనిపెట్టి నూటయాభై అంటాడు. మీరు పుస్తకం కింద పెట్టేసి నాలుగడుగులు వేస్తే వెనకనుంచి "ఎంతిస్తారు సార్?" అని వినిపిస్తుంది. ఇంజినీరింగ్ గైడు పక్కన పాత వారపత్రిక, దాని పక్కన అట్ట ఊడిన డిటెక్టివ్ నవల. వీటిని వరసలో పెట్టే సాఫ్ట్‌వేర్ కూడా లేదు పాపం.

కోఠి ఇంకా దారుణం. చీర అంచుని ఫాల్ బట్టకి ఆనించి వెలుగులోకి పట్టుకుని, "ఇది కాదండీ, ఇంకొంచెం మెంతి రంగు" అనే ఆడవాళ్ల మధ్యనుంచి, ఆటో హారన్ల మధ్యనుంచి, ఇసకేస్తే రాలని జనంలో సుల్తాన్ బజార్ దాటడం మామూలు విషయం కాదు. అలిసిపోతే కాస్త దూరంలో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఉంది. ఆ రాతి గడియారం కింద పళ్ల ఐస్‌క్రీం తింటూ ఎంతసేపు నిలబడినా వెళ్లమనేవాడు ఉండడు. ఇక్కడ నిజంగానే లేనివి రెండున్నాయి: ఆడవాళ్లు వెళ్లగలిగే శుభ్రమైన టాయిలెట్, ముసలివాళ్లు నడవగలిగే ఫుట్‌పాత్. కాబట్టి వాటి జోలికి పోకుండా, జనం ఎక్కువైపోయారనీ ఊరు పడమటికి జరగాలనీ తీర్మానించడం తెలివైన పని.

ఊరు అలాగే జరిగింది కూడా. 1998లో సైబర్ టవర్స్ కట్టారు. అక్కణ్ణుంచి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట. నా కొలతకి వీటిని మించినవి లేవు. రాయదుర్గం దగ్గర మెట్రో దిగినవాడు ఆపైన ఎలా పోవాలన్నది అతని వ్యక్తిగత విషయం. ఎదురుగా కనిపిస్తున్న మేడకి వెళ్లడానికి క్యాబ్ ఎక్కి యూటర్న్ తీసుకుని ముప్పావు కిలోమీటరు తిరిగి రావాలి. డ్రోన్ షాట్‌లో మాత్రం అచ్చం డాలస్.

వచ్చిన చిక్కల్లా అందులో పనిచేసేవాళ్లకి ఆకలేస్తుంది. దాంతో గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఆఫీసుల గేటు పక్కన బండ్ల వరసే పుట్టుకొచ్చింది. అర్ధరాత్రి దాటాక కూడా లక్షల జీతగాళ్లు చేతిలో పేపర్ ప్లేటు పట్టుకుని, ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని తింటుంటారు. 2024 జనవరిలో మాదాపూర్ వైపు ఒక అన్నం బండి దగ్గరికి జనం ఎంతగా వచ్చారంటే, ట్రాఫిక్ ఆగిపోయి పోలీసులు బండి తీసేయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి కలగజేసుకుని ఉండనివ్వమన్నారు. అన్ని అద్దాల మేడలు కట్టుకుంటే, అక్కడ మనిషి తనకై తాను వెళ్లి నిలబడ్డ చోటు ఆ అన్నం బండి! ఈ పరాభవం గురించి బిల్డర్ల సంఘాలు ఎందుకు మాట్లాడవో అర్థం కాదు.

నావంతుగా లెక్క కట్టాను. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అంటే చదరపు అడుగు దగ్గర దగ్గర 23 వేలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బండి నిలబడ్డ నేల విలువ ఐదున్నర లక్షలు. అంత ఖరీదైన నేల మీద కారం దోసె వేయడం జాతీయ నష్టం కాదా అని మొన్న రాత్రి ఒక బండి దగ్గర కాగితం మీద రాసి మరీ చూపించాను. అతను అట్లకాడ ఆపకుండానే ఆ కాగితం వైపు ఓసారి చూసి, "సార్, మీది ప్లెయినా, ఎగ్గా? లేదంటే కొంచెం జరగండి, వెనకాల లైనుంది" అన్నాడు.