గడువు దాటిన రిటర్ను: ఆడిటర్ దగ్గరికా, లాయర్ దగ్గరికా?

విశాఖ గాజువాకలో ఉండే మా పిన్ని కొడుకు విదేశీ కంపెనీ ఓడల్లో సెకండ్ ఆఫీసరు. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే ఉంటాడు. జీతం ఎన్ఆర్ఈ (ప్రవాసుల విదేశీ సంపాదన కోసం ఉండే) ఖాతాలో పడుతోంది కదా, రిటర్నుతో పనిలేదనుకున్నాడు. ఈలోగా మధురవాడలో ఫ్లాట్ కొన్నాడు, బ్యాంకులో డిపాజిట్లు వేశాడు. సెలవుకు ఇంటికొచ్చి ఈమెయిల్ తెరిస్తే ఆదాయపు పన్ను శాఖ పంపిన 148ఏ నోటీసు కనబడింది. ఇంత డబ్బు ఎక్కడిది, మీ కేసు ఎందుకు తెరవకూడదో చెప్పండి అని. జవాబుకు నాలుగు రోజులే మిగిలాయి. రిటర్నులు వేసిపెట్టే ఏజెంటు ఒకాయన, జీతమంతా ఆదాయంగా చూపించి పన్ను కట్టేస్తే గొడవ వదిలిపోతుందన్నాడట. లక్షల్లో పన్ను. పిన్ని ఫోన్ చేసి "లాయర్ని పెట్టుకోవాలేమోరా" అంది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది.

లాయర్ అవసరమా కాదా అన్నది ఎంత ఆలస్యమైంది, ఎందుకు ఆలస్యమైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగులకు, పింఛనుదారులకు మామూలు గడువు జులై 31. అది తప్పితే డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయొచ్చు. పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయం 5 లక్షల లోపైతే 1,000 రూపాయలు, దాటితే 5,000 ఫీజు. బాకీ ఉన్న పన్ను మీద నెలకు 1 శాతం వడ్డీ. దీనికి లాయర్ ఎందుకు? ద్వారకానగర్‌లో ఏ ఆడిటర్ గారి ఆఫీసుకు వెళ్లినా పనైపోతుంది. అయితే ఆలస్యంతో పోయిన కొన్నిటిని ఎంత పెద్ద లాయరైనా వెనక్కి తేలేడు. షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్ల లాభంలో తగ్గించుకునే వీలు పోతుంది. జీతగాళ్లకు ఆ ఏడాదికి పాత పన్ను విధానం ఎంచుకునే వీలూ ఉండదు. ఇంటి లోను వడ్డీని, పొదుపుల మీద వచ్చే 80సీ మినహాయింపుని నమ్ముకున్నవాళ్లకు ఫీజు కన్నా ఇదే పెద్ద దెబ్బ.

డిసెంబరు 31 కూడా దాటాక మిగిలేది ఐటీఆర్-యూ, అంటే అప్‌డేటెడ్ రిటర్ను. అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక 4 ఏళ్ల దాకా వేయొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ పన్ను, వడ్డీల మొత్తం మీద అదనంగా 25 శాతం నుంచి 70 శాతం దాకా పడుతుంది. రిఫండ్ అడగడానికి ఇది పనికిరాదు.

రిఫండ్‌కు వేరే దారి ఉందని తెలియక నష్టపోతున్నది ఎక్కువగా పెద్దవాళ్లే. ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ రిటర్ను మర్చిపోయిన పింఛనుదారు డిపాజిట్ల మీద బ్యాంకు కోసిన టీడీఎస్‌ను ఇక పోయిన డబ్బే అనుకుని వదిలేస్తాడు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల దాకా రిఫండ్ కోరే దరఖాస్తులను కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 5 ఏళ్లలోపు పెట్టుకోవాలి. ఆలస్యానికి నిజమైన కారణం చూపించాలి. అక్కడ వకాల్తా కన్నా డిశ్చార్జి సమ్మరీకి విలువ ఎక్కువ.

మరి లాయర్ ఎప్పుడు కావాలి? శాఖ మిమ్మల్ని ప్రశ్నించడం మొదలుపెట్టి, ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లో కాక చట్టంలో ఉన్నప్పుడు. ఆదాయపు పన్ను అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ విశాఖ బెంచి దాకా ఆడిటర్లు కూడా వాదించగలరు. హైకోర్టులో రిట్ వేయాలన్నా, రిటర్ను వేయనందుకు 276సీసీ కింద ప్రాసిక్యూషన్ వచ్చినా న్యాయవాదే నిలబడాలి. ఇంకొక తేడా కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు. లెక్కల్లో దాచిన ఆదాయం ఉండి, దాన్ని సరిదిద్దుకుందామని సలహాకు వెళితే, న్యాయవాదితో చెప్పుకున్న మాటలకు సాక్ష్య చట్టం రక్షణ ఇస్తుంది. ఆడిటర్‌తో అన్న మాటలకు ఆ రక్షణ లేదు. భయపడి దాక్కున్న మనిషికి ముందుగా కావలసింది నిజం చెప్పుకునే చోటు. అందుకే పెద్ద మొత్తాలున్నవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగకుండానే లాయర్ని కలవాలంటాను. 276సీసీ కూడా అసెస్‌మెంట్ ఇయర్ లోపు రిటర్ను వేసినవాళ్లను, ఆ తర్వాత గడువులోగా ఐటీఆర్-యూ వేసినవాళ్లను ప్రాసిక్యూషన్ నుంచి తప్పిస్తుంది. ఫీజుగా రిఫండ్‌లో ఇంత శాతం ఇవ్వమనేవాళ్ల దగ్గర మాత్రం ఆగొద్దు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కుదరదు.

మావాడి కేసులో లాయర్ అవసరమే అయింది. డాబా గార్డెన్స్‌లో మేం కలిసిన లాయరమ్మ ముందు అడిగింది బ్యాంకు స్టేట్‌మెంట్ కాదు, సీడీసీ బుక్కు, అంటే నావికుడి ఓడ ఉద్యోగాల రికార్డు. ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ, వాటి మీద ముద్రలు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పెన్సిలుతో రోజులు లెక్కబెట్టింది. ఆ ఏడాది మనవాడు దేశంలో ఉన్నది 182 రోజులకు చాలా తక్కువ. అంటే పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్, ప్రవాసి. విదేశీ ఓడ మీద దేశం బయట చేసిన పనికి వచ్చిన జీతాన్ని, ఇక్కడి ఎన్ఆర్ఈ ఖాతాలో పడిందన్న ఒక్క కారణంతో ఇక్కడి ఆదాయంగా లెక్కించకూడదని 2017లోనే సీబీడీటీ సర్క్యులర్ ఇచ్చింది. ఏజెంటు కట్టేయమన్న పన్ను అసలు లేనేలేదు. మామూలు డిపాజిట్ల వడ్డీ మీద మాత్రం కట్టాల్సింది కొద్దిగా ఉంది, దాన్ని దాచకుండా జవాబులోనే ఒప్పుకున్నాం.

జవాబు గడువుకు ఒకరోజు ముందు వెళ్లింది. మళ్లీ ఓడెక్కేముందు పోర్టల్‌లో తన తరఫున చూసుకోవడానికి ఆడిటర్ గారికి అధికారం ఇచ్చి వెళ్లాడు. ఈమెయిల్ పాస్‌వర్డ్ పిన్ని పంచాంగం వెనక అట్ట మీద రాసుకుంది. రోజూ పొద్దున్నే తెరిచి చూస్తోంది.