గీత దాటితే గంట లాభం

మొన్న ఆదివారం లఫయెట్‌లో తొమ్మిదింటికి కారెక్కి, సుమారు 75 మైళ్లు పోయి, మెరిల్‌విల్‌లో అన్నయ్యవాళ్లింటికి తొమ్మిదీ పావుకి చేరాం. పోలీసులెవరూ ఆపలేదు. రెండు ఊళ్లూ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోవే. దారిలో జాస్పర్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) రాగానే ఫోను తనంతట తనే గంట వెనక్కి జరిగింది. కారు గడియారం మాత్రం పాత మాట మీదే నిలబడింది, నేను దాన్నే నమ్మాను.

సత్యనారాయణ వ్రతం పదింటికన్నారు, పావుగంట ఆలస్యమైపోయిందని కంగారు పడుతూ బెల్లు కొట్టాం. తలుపు తీసిన వదిన చేతిలో రవ్వ వేయించే గరిటె.

"ఏంటి మరిదిగారూ, పంతులుగారికన్నా ముందే వచ్చేశారు?"

తలకి తువ్వాలు చుట్టుకుని అన్నయ్య మేడ మీంచి తొంగి చూశాడు. పిలిచిన టైముకన్నా ముందొచ్చే చుట్టాలంటే మనవాళ్లకి ఎంత గిట్టదో ఆ రోజే తెలిసింది. నన్ను తమలపాకులు తుడవడానికి కూర్చోబెట్టారు.

అయినా ఒకే రాష్ట్రంలో రెండు టైములనే ఈ ఏర్పాటుకి నేను పూర్తి మద్దతుదారుణ్ణి. ఇండియానాలో 92 కౌంటీలు. 80 న్యూయార్క్ టైములో, 12 దానికి గంట వెనకుండే చికాగో టైములో. ఆ పన్నెండులో ఆరు వాయవ్య మూల చికాగో వైపున, ఆరు నైరుతి మూల ఎవాన్స్‌విల్ చుట్టూ. వాస్తు తెలిసినవాళ్లే ఎవరో చేశారు.

2006కి ముందు మరీ ముచ్చటగా ఉండేది. అమెరికాలో చాలాచోట్ల ఎండాకాలం రాగానే గడియారం గంట ముందుకి తిప్పుతారు, ఈ రాష్ట్రంలో చాలా భాగం మాత్రం ఏడాది పొడుగునా గడియారం ముట్టుకునేదే కాదు. దాంతో చలికాలం న్యూయార్క్‌తో, ఎండాకాలం చికాగోతో కలిసేది. ఆరు నెలలు అత్తింట్లో, ఆరు నెలలు పుట్టింట్లో. 2006 నుంచి అందరూ గడియారం తిప్పాల్సిందే అన్నారు. అప్పుడే పులాస్కీ కౌంటీ ముచ్చటపడి చికాగో టైముకి మారింది, ఏడాది తిరక్కుండానే వెనక్కొచ్చింది. నాక్స్, డుబోయిస్ వగైరా ఇంకో అయిదు కౌంటీలు కూడా వెళ్లి, 2007 నవంబరులో తిరిగొచ్చాయి.

ఈ తగువులు తీర్చేది ఎవరు? అమెరికా కేంద్ర రవాణా శాఖ. లారీలూ, వంతెనలూ, మిట్టమధ్యాహ్నమూ అన్నీ ఒకే ఆఫీసు. 1883లో రైలు కంపెనీలు తమ టైంటేబుళ్ల కోసం గీసుకున్న గీతలు మరి. సూర్యుడు నడినెత్తికి ఎప్పుడొస్తాడన్నది ముఖ్యం కాదు, చూడాల్సింది వ్యాపార సౌకర్యమని చట్టంలోనే ఉంది. కౌంటీ అర్జీ పెడితే వాళ్లు ఆరా తీసేవి కూడా అవే: మీకు టీవీ, పేపరు ఏ ఊరివి? సరుకులెక్కణ్ణించి వస్తాయి? జనం పనికెక్కడికెళ్తారు?

న్యాయమైన ప్రశ్నలు. మా ఇంటి జవాబులు ఇవి. టీవీ హైదరాబాద్‌ది. పేపరు విజయవాడది. ఆవకాయ గుంటూరు నుంచి, మా అత్తగారి ద్వారా. నా ఉద్యోగం సగం రాత్రిళ్లు హైదరాబాద్ టీముతో ఫోన్లో. చట్టప్రకారం మా ఇంటి గడియారం ఎండాకాలంలో పక్కింటికన్నా తొమ్మిదిన్నర గంటలు ముందుండాలి. తొమ్మిదైనా ఒప్పుకుంటారేమో గానీ, ఆ అరగంటే ఇక్కడివాళ్లకి మింగుడుపడదు.

సాయంత్రం వదిన తొందరపెట్టింది. "నాలుగున్నరకి రాహుకాలం, ఈలోపే గడప దాటండి." నాలుగూ ఇరవైకి దాటాం. కారు గడియారం అయిదూ ఇరవై చూపిస్తోంది.

"ఏమండీ, మనకి రాహుకాలం ఇంకా రాలేదా, సగమైపోయిందా?" అంది మా ఆవిడ.

రేపు రవాణా శాఖకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను.