పెంగ్విన్ గారు మేజర్ జనరల్, బబూన్ మాత్రం సహాయకుడే

జంతువులకు ఉద్యోగాలిచ్చి పదోన్నతులు కల్పించడంలో మానవజాతి పాటిస్తున్న సర్వీసు నిబంధనలపై వెంటనే విచారణ జరిపించాలని సంబంధిత అధికారులను, వారెవరైనా సరే, సవినయంగా కోరుతున్నాను.

19వ శతాబ్దం చివర దక్షిణాఫ్రికాలోని యూటెన్‌హేగ్ రైల్వే స్టేషన్‌లో, ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న సిగ్నల్‌మ్యాన్‌కు జాక్ అనే బబూన్ జాతి కోతి సహాయకుడిగా ఉండేది. ఇంజను ఎన్ని కూతలు వేసిందో విని, ఆ లెక్క ప్రకారం సరైన లీవరు లాగడం దాని పని. ప్రయాణికుల ప్రాణాలు కోతి చేతిలో ఉన్నాయని ఫిర్యాదు వెళ్లడంతో అధికారులు దానికి పరీక్ష పెట్టారు; అది నెగ్గింది. రోజుకు 20 సెంట్ల జీతం, వారానికి అరసీసా బీరు పుచ్చుకుంటూ తొమ్మిదేళ్లలో ఒక్క పొరపాటైనా చేయలేదని చెబుతారు. 1890లో క్షయతో కన్నుమూసేనాటికీ అది సహాయకుడే.

ఇక స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో జూలో ఉన్న కింగ్ పెంగ్విన్ సంగతి చూడండి. 1972లో నార్వే రాజరక్షక దళం దానిని దత్తత తీసుకుని, నీల్స్ ఓలావ్ అని నామకరణం చేసి, సైన్యంలో కింది మెట్టైన లాన్స్ కార్పోరల్ హోదా ఇచ్చింది. 2008లో నైట్ బిరుదు, 2016లో బ్రిగేడియర్ పదవి, 2023లో మేజర్ జనరల్ పదవి వరించాయి. ఆ దళం ఎడిన్‌బరో వచ్చినప్పుడు సైనికుల వరుస ముందు నుంచి తాపీగా నడిచి వెళ్లడమే దాని విధి. అన్నిటికన్నా విడ్డూరమేమంటే, మొదటి పెంగ్విన్ ఎప్పుడో పోయింది. దాని స్థానంలోకి వచ్చినవాటికి పేరుతోపాటు హోదా కూడా సంక్రమించింది. కారుణ్య నియామకం పొందిన మనిషి అట్టడుగు మెట్టు నుంచి మొదలుపెడతాడు. ఇక్కడ మెట్టుకు మెట్టే వారసత్వం.

జపాన్‌లోని కిషి స్టేషన్‌కు 2007లో స్టేషన్ మాస్టరైన తామా అనే పిల్లి, టోపీ పెట్టుకుని కునుకు తీస్తూనే నష్టాల్లో ఉన్న రైలు మార్గానికి ప్రయాణికులను రప్పించింది కనుక దానిని తప్పు పట్టలేం. అయితే 2015లో మరణించాక అది దేవత కూడా అయింది. (లండన్‌లో ప్రధాని నివాసంలోని లారీ అనే పిల్లి ఎలుకలు పట్టే ఉద్యోగంలో 2011లో చేరి, 2024 నాటికి ఆరుగురు ప్రధానులను చూసింది. పట్టిన ఎలుకల లెక్క అడగడం మర్యాద కాదు.)

కాబట్టి జాక్‌కు మరణానంతరమైనా లాన్స్ కార్పోరల్ హోదా ఇవ్వాలి. ఉత్తర్వులు అందజేయడానికి చిరునామా లేదన్న సాకు చెల్లదు: దాని పుర్రె దక్షిణాఫ్రికాలోని ఆల్బనీ మ్యూజియంలో భద్రంగా ఉంది.