తానాల అర్రల హారతి గంట

హనుమకొండల మా ఇల్లు 1986ల మా బాపు దగ్గరుండి కట్టించిండు. దగ్గరుండుడు అంటే ఎంత దగ్గరనో, మొన్న తానాల అర్రల అద్దాల స్లైడింగ్ తలుపు పెట్టిచ్చినప్పుడు తెలిసింది.

మా ఇంటామె వాళ్ల చెల్లె ఫ్లాట్ల చూసొచ్చింది. షవర్ కింద ఎంతసేపు తానం చేసినా అవతల చుక్క పడలేదట. ఇగ మనం గూడ పెట్టియ్యాలె. గంతే.

ఫిట్టర్ పిలగాడు వచ్చి గోడకు రసమట్టం ఆనిచ్చిండు. బుడగ ఒక కొసకు పోయి కూసున్నది. అవతలి గోడకు పెడితే ఇంకో కొసకు పోయింది. గుండు దారం వదిలిండు. పైన గోడను తాకే దారం కింద రెండు వేళ్ల ఎడం చూపిచ్చింది. "సార్, ఒక్క మూల గూడ మూలమట్టం లేదు" అన్నడు, ఎక్స్‌రే చూసిన డాక్టర్ తీరు.

బాపుకు రోషమొచ్చింది. "రామప్ప గుడిల నేల అలలు అలలు లేదా? 2021ల యునెస్కోవాళ్లు మెచ్చలేదా?"

ఆ గుడి పునాదిల ఇసుక పోసిండ్రని చెప్తరు. మా మేస్త్రి గూడ ఇసుక బాగనే పోసిండు, కాకపోతే గోడలల్ల.

అద్దమేమో అప్పటికే వచ్చేసింది. పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాల్సింది ఒక్క చోటనే కొలిచి ఆర్డరిచ్చిన. 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్. ఒకసారి తయారైనంక కోసుడుండదు, కోస్తే నూక తీరు రాలిపోతది. సందులల్ల పిలగాడు సిలికాన్ కొట్టిండు, కొట్టిండు, డబ్బా వొడిసిందాక కొట్టిండు.

అసలు పంచాయితీ పై పట్టీ కాడ వచ్చింది. "రసమట్టానికి సక్కగ పెడితే టైల్స్ గీత పక్కన వంకర కనపడ్తది. టైల్స్ గీతకు సమానంగ పెడితే తలుపు దానంతటదే ఉరుకుతది. ఏది కావాలె?"

"కంటికి సక్కగ ఉండాలె" అన్నది మా ఆమె.

"తర్వాత నన్ను అనొద్దు" అనుకుంట పెట్టి, పైసలు తీస్కొని పోయిండు.

తెల్లారి తానానికి పోయిన. మొఖానికి సబ్బు పెట్టి కండ్లు మూసుకున్ననో లేదో, సర్రుమని తలుపు తెరుచుకున్నది. గుంజి మూసిన. మళ్ల సర్రు. ఒక చెయ్యి తలుపుకే పాయె, ఉన్న ఒక్క చేత్తోని వీపెట్ల రుద్దుకోవాలె?

మా ఆమె ఉపాయం చేసింది. తలుపు కదిలితే తెలుస్తదని దేవునర్రల పాత గంట తెచ్చి హ్యాండిల్‌కు కట్టింది. ఇంకో ముచ్చట మరిచిన. మా తానాల అర్ర నేల వాలు తూము దిక్కు లేదు, గుమ్మం దిక్కున్నది.

పొద్దుగాల గంట గణగణ మోగింది. హాల్ల పేపర్ చదువుతున్న బాపు చెప్పులిడిసి లేచి నిలవడి, తానాల అర్ర దిక్కు తిరిగి రెండు చేతులు జోడిచ్చిండు.

"హారతి అయినట్టున్నది బిడ్డా! అగో, తీర్థం గూడ కాళ్ల కాడికే వస్తున్నది."